గండి పడకముందే గండిని చూడాలి



వానకాలం వస్తున్నదంటే మనం విత్తనం చూసుకుంటాం, ఎరువు చూసుకుంటాం, ట్రాక్టరు చూసుకుంటాం, ఇంటి పైకప్పు కూడా ఎక్కి చూసుకుంటాం. మరి వీటన్నిటికీ ప్రాణం పోసే చెరువుకట్టను ఎవరు చూస్తున్నారు? నిండినప్పుడు చూడడానికి ఊరంతా పోతాం. మత్తడి దుంకితే పిల్లా పెద్దా కట్టమీద చేరి సంతోషిస్తాం. నిండకముందు, ఎండిన చెరువులో దిగి, కట్ట చుట్టూ తిరిగి, “ఈ కట్ట తెగవలసివస్తే ఎక్కడ తెగుతుంది?” అని అడిగేవారు ఎందరు?

ఈ ప్రసంగంలో మీకు చెప్పదలచినది ఆ ఒక్క ప్రశ్న చరిత్ర. అపశకునపు మాట అని దీనిని తోసివేయరాదు. కట్ట తెగిన ప్రతి చోటా తెగిన తరువాత ఈ ప్రశ్న అడిగారు. ముందే అడిగిన చోట పైరు నిలిచింది, ప్రాణం నిలిచింది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. నీరు కట్టనంతా తడిమి, ఎక్కడ మెత్తగా ఉన్నదో, ఎక్కడ పల్లంగా ఉన్నదో వెదుక్కుంటుంది. నీరు వెదకకముందే మనం వెదకాలి. సంగతి ఇంతే.

మన ప్రాంతం సంగతే తీసుకొందాం. ఖమ్మం నుండి సత్తుపల్లి, అశ్వారావుపేట, దమ్మపేట మీదుగా, ఇటు పాల్వంచ, బూర్గంపహాడ్ మీదుగా భద్రాచలం వరకు అడవి అంచున ఉన్న పల్లెలలో నీరు వచ్చే తీరు వేరు. మైదానపు వాగు నెమ్మదిగా పెరుగుతుంది. అడవిగుట్టల నుండి దిగే వాగు అట్లా కాదు. తొలకరిలో అడవి నేల నీటిని తాగుతుంది. శ్రావణ మాసం వచ్చేసరికి నేల తాగి తాగి నిండిపోతుంది. ఆ తరువాత పడిన వాన పడినట్లే గుట్టల మీదినుండి జారి వస్తుంది. ఒట్టి చేతులతోనూ రాదు. ఎండుకొమ్మలు, దుంగలు, వెదురుబొంగులు మోసుకొని వస్తుంది. సాయంత్రం మోకాలులోతు ఉన్న వాగు తెల్లవారేసరికి తాటిచెట్టు మొదలును పెకలించగలదు. కనుక మన చెరువులకు, మన ప్రాజెక్టులకు వేచి చూసే వ్యవధి తక్కువ. రాత్రి ఆలోచించి పొద్దున చేద్దామంటే కుదరదు.

దీనికి సాక్ష్యం దూరాన లేదు. అశ్వారావుపేట మండలంలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కలదు. మట్టికట్ట, మూడు గేట్లు. 2024 జులై 18న కురిసిన కుండపోతకు వాగు ఉప్పొంగింది. గేట్లు పంపగలిగిన దానికన్న ఎక్కువ నీరు వచ్చింది. ఆ ఉన్న మూడు గేట్లూ వేళకు పూర్తిగా లేవలేదు. నీరు మట్టికట్ట మీదికెక్కింది. రాత్రికి కట్ట తెగింది. దిగువ పల్లెలలో ఇండ్లు మునిగినవి, పశువులు కొట్టుకుపోయినవి, పొలాల మీద ఇసుక మేట వేసింది. వరదలో చిక్కుకొన్నవారిని ఆ రోజు హెలికాప్టరుతో రక్షించవలసి వచ్చింది. ఇదే ప్రాజెక్టుకు 1989లోనూ గండి పడింది. అంటే, నీరు ఒకసారి వచ్చి మనకు పాఠం చెప్పి పోయింది. ముప్పై అయిదు సంవత్సరాల తరువాత వచ్చి, పాఠం వప్పజెప్పమని అడిగింది.

ఆ రాత్రి వాన పెద్దదే. దానిని కాదనలేము. కాని వాన ఒక్కటే కట్టను తెంచిందనుకుంటే మనం నేర్చుకొనేదేమీ ఉండదు. గేట్ల దారి వరదకు చాలకపోవడం ఒకటి. ఉన్న దారి కూడా పూర్తిగా తెరుచుకోకపోవడం రెండు. నీరు మీదికెక్కితే నిలువలేని మట్టికట్ట మూడు. నాలుగవది ఇంకొకటున్నది. 2014లో రాష్ట్ర విభజనతోపాటు కుకునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. దానితో ప్రాజెక్టు తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో అయింది. కట్ట ఒకరిది, పొలం ఒకరిది. పదిమందిలో పాము చావదు అన్న సామెత మీకు తెలిసినదే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి సరిగా ఉన్నా ఆ రాత్రి నష్టం తగ్గి ఉండేది. నాలుగూ ఒక్క వరుసలో నిలబడితేనే గండి. ఎక్కడి చరిత్ర తిరగేసినా ఇదే వరుస కనబడుతుంది.

కొంచెం వెనక్కి పోదాం. మన ప్రాంతపు చెరువులు కాకతీయుల నాటి పనితనానికి వారసులు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులను కట్టినవారికి యంత్రాలు లేవు. కాని చెరువు ఎట్లా చెడుతుందో వారికి బాగా తెలుసు. అందుకే ప్రతి చెరువుకు అలుగు పెట్టారు. అలుగు అంటే ఏమిటి? నీరు ఫలానా ఎత్తుకు రాగానే తనంతట తాను పొరలిపోయే రాతికట్టు. దానికి తాళంచెవి లేదు, కరెంటు లేదు, అర్ధరాత్రి లేచి తిప్పే మనిషి అవసరం లేదు. చూచేవాడు నిద్రపోయినా అలుగు నిద్రపోదు. ఇది ఎంత గొప్ప ఆలోచనో గమనించండి. మనిషి మరచిపోతాడని ముందే తలచి, మరచిపోయినా చెడకుండా ఉండేట్లు కట్టడమన్నమాట.

అట్లాగని మనిషిని వదలిపెట్టలేదు. నీరటికాడు ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, పొలాలకు నీరు పంచడం, కట్టమీద తిరిగి బొరియ కనబడితే పూడ్చడం అతని పని. అందుకు అతనికి పంటలో పాలు ఉండేది. చెరువు మరమ్మతు చూచేవారికి దశబంధం ఇనాం పేర భూమి ఇచ్చే ఆచారం కూడ మన దేశంలో ఉండేది. కట్ట బాగుంటేనే ఆ భూమి పండుతుంది. చూచేవాని బువ్వ, చెరువు బాగు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి. ఆ ఏర్పాటులో హెచ్చుతగ్గులు, అన్యాయాలు లేవని కాదు. కాని “ఈ కట్టను చూచే మనిషి ఎవరు?” అంటే ఊరంతా ఒక్క పేరే చెప్పగలిగేది. ఇప్పుడు అడిగి చూడండి.

కట్టినవారి తెలివి అంత గొప్పదైనా, చెరువు ఒంటరిగా ఉండదు. పై చెరువు అలుగు నీరు కింది చెరువులోకి, దాని నీరు ఆ కింది చెరువులోకి. వీటినే గొలుసుకట్టు చెరువులంటాం. కరువులో ఈ గొలుసు వరం. వరదలో ఇదే గొలుసు శాపం కాగలదు. ఈ సంగతిని లెక్కలతో లోకానికి చూపినది హైదరాబాదు మూసీ వరద.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. వేలాదిమంది చనిపోయారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వారు వచ్చి వాన లెక్క ఒక్కటే చూచి ఊరుకోలేదు. నగరానికి పైన మూసీ పరీవాహక ప్రాంతంలోని చెరువులన్నిటి లెక్క తీశారు. మొత్తం 788 చెరువులు. వాటిలో 221 తెగినవి. చూడండి సోదరులారా, ఒక చెరువు తెగితే దాని నీరు వాన నీటితో కలిసి కింది చెరువు మీద పడింది. ఆ చెరువు వానకైతే తట్టుకొనేదేమో, వానతోపాటు పై చెరువు కూడ వచ్చి పడితే ఎట్లా తట్టుకొంటుంది? గొలుసులో ఒక కొక్కెం ఊడితే మిగతావి వరుసగా ఊడినవి.

ఆయన ఆ ప్రశ్న అడిగినందువల్లనే జవాబు కూడ దొరికింది. నది ఒడ్డున గోడలు పెంచితే చాలదు, వరదను నగరానికి పైననే ఆపి నెమ్మదిగా వదలాలి అన్నారు. ఆ సలహా ఫలితమే మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. చెడిన దానిని చూచి ఏడ్చి ఊరుకోకుండా, ఎట్లా చెడిందో చూచినందువల్ల కలిగిన మేలు ఇది.

కాని ఒకసారి నేర్చుకొన్న పాఠం ఎప్పటికీ సరిపోతుందా? గోదావరికి ఉపనది అయిన కడెం కథ వినండి. ఆదిలాబాద్ వైపు కడెం ప్రాజెక్టు కొత్తగా కట్టిన రోజులలో, 1958 ఆగస్టులో, సుమారు 5 లక్షల 20 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. కట్ట అంచుకు, నిండు నీటికి మధ్య ఎనిమిది అడుగుల ఖాళీ విడిచి కట్టారు. అయినా నీరు కట్ట మీద అడుగున్నర ఎత్తున పారింది. ఎడమవైపు 137 మీటర్ల వెడల్పున గండి పడింది. కారణం తెలిసింది. నీరు పోయే దారి చాలలేదు. తరువాత దారి పెంచారు, గేట్ల సంఖ్య పెరిగి 18 అయింది.

పాఠం నేర్చుకొన్నారు గదా, ఇక భయం లేదనుకొన్నాం. 2022 జులైలో మళ్లీ 5 లక్షల క్యూసెక్కులకు పైబడి వరద వచ్చింది. ఈసారి 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. నీరు మళ్లీ కట్టను తాకింది. దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ప్రధానమైన కట్ట నిలవడం జనం అదృష్టం. మరుసటి ఏడు, 2023 జులైలోనూ కొన్ని గేట్లు మొరాయించినవి.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఉన్నది. గేట్లు పెంచడం సరైన మందే. కాని మందుకు కూడ వికటించే గుణం ఉంటుంది. రాతి అలుగుకు తుప్పు పట్టదు. గేటుకు పడుతుంది. అలుగుకు ఇనుపతాడు లేదు, గేటుకు ఉన్నది, అది తెగవచ్చు. గేటు ఎత్తే మోటారుకు కరెంటు కావాలి. పెద్ద వానలో మొదట పోయేది కరెంటే. కరెంటు లేకపోతే జనరేటరు కావాలి, జనరేటరుకు డీజిలు కావాలి, దానిని నడపడానికి మనిషి కావాలి, ఆ మనిషి గేటు దగ్గరికి పోవడానికి దారి కావాలి. ఆ దారి వరదలో మునిగితే? చూచారా, ఒక కొత్త సౌకర్యం వచ్చినప్పుడు అది చెడే దారులు కూడ కొత్తగా పుడతవి. కనుక ప్రతి మరమ్మతు తరువాత, ప్రతి కొత్త ఏర్పాటు తరువాత ఆ ప్రశ్న మళ్లీ మొదటినుండి అడగాలి.

భద్రాచలంలో కూడ ఈ సంగతి చూచాం. 1986 ఆగస్టు 16న గోదావరి అక్కడ 75.6 అడుగులకు ఎక్కింది. అది ఆ ఊరు చూచిన పెద్ద వరద. తరువాత పట్టణాన్ని కాపాడడానికి కరకట్ట కట్టారు. 2022 జులై 16న నది 71.3 అడుగులకు వచ్చినప్పుడు కరకట్ట తన పని తాను చేసింది. అయితే నది ఎత్తుగా ఉన్నప్పుడు కట్ట లోపల పడిన వాన నీరు బయటికి పోయే తూములు మూసుకోవాలి. లేకుంటే నదే లోపలికి వస్తుంది. మూసుకొంటే లోపలి నీరు నిలిచిపోతుంది. మోటార్లు పెట్టి తోడవలసిందే. కట్ట ఉంటే మోటారు కూడ ఉండాలి, మోటారుకు మనిషి ఉండాలి. కట్ట కట్టడంతో పని తీరలేదన్నమాట.

మందు వికటించడమే కాక, కబురు అందకపోవడం కూడ ఒక చేటు. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు నది మీద రెండవ ఆనకట్ట మట్టికట్ట తెగి మోర్వీ పట్టణం మీద పడింది. అంచనా వేసిన వరదకు రెట్టింపుకు మించి నీరు వచ్చింది, కొన్ని గేట్లు లేవలేదు. అన్నిటికన్న ఘోరం, టెలిఫోను తీగలు తెగి దిగువ జనానికి హెచ్చరిక చేరలేదు. వేలాదిమంది పోయారు. కట్టను కాపాడలేకపోయినా, గంట ముందు కబురు అందితే మనిషిని కాపాడవచ్చును. కబురు కూడ కట్టలో ఒక భాగమే అని అక్కడ తెలిసివచ్చింది.

ఇట్లా చెడే దారులను ముందుగా వెదికే పనికి లోకంలో ఒక పద్ధతి ఏర్పడింది. 1949 నవంబరులో అమెరికా సైన్యం ఒక విధానాన్ని రాసిపెట్టుకొన్నది. యంత్రంలో ఒక్కొక్క భాగాన్ని తీసుకోవడం, అది ఏయే విధాల చెడవచ్చునో రాయడం, చెడితే మిగతా యంత్రానికి ఏమవుతుందో రాయడం. తరువాత చంద్రుని మీదికి మనుషులను పంపినప్పుడు ఈ పద్ధతినే వాడారు. మోటారు కార్ల కర్మాగారాలలో, మందుల తయారీలో, ఆసుపత్రులలో కూడ ఇప్పుడు వాడుతున్నారు. పేరు ఏదైనా కానీయండి, పని మాత్రం మన నీరటికాడు చేసినదే. ఆయన మనసులో ఉంచుకొన్న దానిని వీరు కాగితం మీద పెట్టారు.

కొత్తగూడెం, ఇల్లందు వైపు సోదరులకు ఇది కొత్త కాదు. బొగ్గుగనిలో పని మొదలుకాకముందు మైనింగు సర్దారు లోపలికి దిగి, పైకప్పును కర్రతో తట్టి చూస్తాడు. గట్టి రాయి ఒక తీరుగా మోగుతుంది. విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికితే ఆ చోటికి మనిషిని పంపరాదు. కప్పు కూలిన తరువాత విచారణ చేయడం వేరు, కూలకముందు తట్టి చూడడం వేరు. మనం మన కట్టను తట్టి చూస్తున్నామా?

చూడడం ఎట్లాగో ఇప్పుడు వివరంగా చెప్పుకొందాం. ఒక నోటు పుస్తకం తీసుకోండి. చెరువును అయిదు భాగాలుగా విడదీయండి: కట్ట, తూము, అలుగు, గేటు, మనిషి. ఒక్కొక్క దాని దగ్గర నిలబడి మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎట్లా చెడుతుంది? చెడితే ఏమవుతుంది? చెడబోతున్నదని ముందుగా ఎట్లా తెలుస్తుంది?

మొదట కట్ట. కట్ట రెండు విధాల తెగుతుంది, మీదినుండి, లోపలినుండి. మీదినుండి తెగడం అంటే నీరు పొరలి కిందివైపు మట్టిని కోసుకుపోవడం. కట్టమీద బండ్లు, పశువులు తిరిగి ఒకచోట పల్లం పడి ఉంటుంది. నీరు మొదట అక్కడే పొరలుతుంది. కంటికి కట్టంతా సమంగానే కనబడుతుంది. మేస్త్రీలు గోడ మట్టం చూచే నీటిగొట్టం పెట్టి చూడండి, పల్లం బయటపడుతుంది. నాలుగు తట్టల మట్టి వేసి దిమ్మిస చేస్తే అయిపోయే పని అది.

లోపలినుండి తెగడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే కనబడదు. ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొరియలు, చెదపుట్టలు కట్టలో దారులు చేస్తవి. కట్టమీద మొలిచిన చెట్టు పెరిగి చచ్చిపోతే, దాని వేరు కుళ్లి గొట్టంలా మిగులుతుంది. నీరు ఆ గొట్టం పట్టుకొని పోతుంది. కనుక చెట్టును మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా తీయండి. పెద్దదైపోయిన చెట్టును మాత్రం ఇంజనీరును అడగకుండా నరకవద్దు. వేరు తీసిన గుంటను పొరలు పొరలుగా మట్టి వేసి గట్టిపరచకపోతే మేలుకన్న కీడే ఎక్కువ.

కట్ట వెనుక ఊట కనబడితే వెంటనే భయపడనక్కరలేదు. మట్టికట్టకు కొంచెం ఊట సహజం. ఒక గాజు గ్లాసులో ఆ నీరు పట్టి చూడండి. తేటగా ఉంటే గుర్తు పెట్టుకొని రోజూ చూస్తూ ఉండండి. మురికిగా, మట్టితో వస్తున్నదంటే నీరు కట్ట లోపలి మట్టిని మోసుకొని వస్తున్నది. అది ప్రమాద ఘంటిక. అప్పుడు చాలామంది బంకమట్టి తెచ్చి ఆ రంధ్రాన్ని బిగించి మూస్తారు. అట్లా చేయరాదు. అక్కడ మూస్తే నీరు పక్కన ఇంకో దారి చేసుకొంటుంది. ముందు ఇసుక, దానిమీద కంకర, దానిమీద రాళ్లు వేయండి. నీరు పోనీయండి, మట్టిని పోనీయకండి. వెంటనే అధికారులకు కబురు చేయండి, దిగువవారికి చెప్పండి.

రెండవది తూము. మట్టి, రాయి కలిసే చోట ఎప్పుడూ బలహీనం. తూము గొట్టం పక్కనుండి నీరు జారుతున్నదేమో చూడండి. తూము మూసినప్పుడు కూడ కాలువలో నీరు వస్తున్నదంటే కారణం వెదకాలి.

మూడవది అలుగు. అలుగు చెడే తీరు మూడు. వరదకు చాలినంత వెడల్పు లేకపోవడం ఒకటి. అడవి అంచు ఊళ్లలో దుంగలు, కంపలు అడ్డుపడడం రెండవది. మూడవది మన చేతులతో మనం చేసే పని. ఇంకొక జానెడు నీరు ఆగుతుందని అలుగు మీద ఇసుకబస్తాలు, రాళ్లు పేరుస్తాం, చేపలు పోకుండా వలలు కడతాం. జానెడు నీటికి ఆశపడి కట్టకు ఉన్న జానెడు భద్రతను మనమే తీసివేస్తున్నాం. ఆ బస్తా పెట్టిన వాని పొలం పైన ఉంటుంది, కట్ట తెగితే మునిగే పొలం కింద ఉంటుంది. ఈ మాట గ్రామసభలో తేల్చుకోవాలి. అలుగు నీరు పోయే వాగును ఆక్రమించి పైరు వేయడం కూడ ఇట్లాంటిదే.

నాలుగవది గేటు. ఎండాకాలంలో ఒకసారి పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి చూచారా? తాడుకు, గొలుసుకు గ్రీజు పెట్టారా? కరెంటు లేకుండా చేతితో ఎత్తితే ఎంతసేపు పడుతుంది? ఆ లెక్క గడియారం చూచి రాసిపెట్టండి. రెండు గంటలు పడుతుందని తెలిస్తే, వరదకు రెండు గంటల ముందే మొదలుపెట్టాలని తెలుస్తుంది.

అయిదవది మనిషి. గేటు మనిషికి ఆ రాత్రి జ్వరం వస్తే ఇంకెవరికి పని తెలుసు? ఫోను పనిచేయకపోతే కబురు ఎట్లా పోతుంది? డప్పు ఉన్నదా, గుడి మైకు ఉన్నదా, మోటారు సైకిలు మీద పోయే కుర్రవాడున్నాడా? దిగువ గూడేనికి ఎవరు చెబుతారు? కోయ పల్లెకు పోయే కబురు కోయ మాటలో చెప్పగలవారు ఎవరు?

ఇన్ని రాస్తే పుస్తకం నిండుతుంది. అన్నీ ఒక్కసారి చేయలేము. ముందు ఏది? దానికీ ఒక లెక్క కలదు. ఒక్కొక్క లోపానికి మూడు అంకెలు వేయండి, ఒకటినుండి పది వరకు. చేటు ఎంత పెద్దది? ఎంత తరచుగా వస్తుంది? ముందుగా తెలియడం ఎంత కష్టం? మూడింటిని గుణించండి. ఉదాహరణకు, కట్ట లోపలి బొరియకు చేటు 9, తరచుదనం 6, తెలియని తనం 7 అనుకొంటే 378 వస్తుంది. లోపలివైపు రాతిపరుపులో నాలుగు రాళ్లు జారడానికి చేటు 4, తరచుదనం 6, తెలియని తనం 2 అనుకొంటే 48. ముందు బొరియ సంగతి చూడాలని తెలుస్తున్నది గదా! అయితే ఈ లెక్కను గుడ్డిగా నమ్మవద్దు. ఎప్పుడో గాని రాని చేటుకు మొత్తం అంకె చిన్నదిగా రావచ్చు. కాని అది వస్తే ఊరు మిగలదనుకొంటే, అంకె ఎంతైనా దానిని ముందు వరుసలో పెట్టాలి. అంకెలు మాట్లాడుకోవడానికి సాధనం, తీర్పు చెప్పేది మీరే.

విస్తరణ కార్యకర్తలకు ప్రత్యేకంగా ఒక మనవి. ఊరిలో ఈ పని చేసేటప్పుడు “తప్పెవరిది?” అని మొదలుపెట్టవద్దు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకొన్నట్లు అందరూ జాగ్రత్తపడి నోరు మూసుకొంటారు. బస్తా పెట్టిన రైతు మాట్లాడడు, గేటుకు గ్రీజు పెట్టని మనిషి మాట్లాడడు. “ఎట్లా చెడుతుంది?” అని మొదలుపెడితే వారే అందరికన్న ఎక్కువ చెప్పగలరు. పశువుల కాపరి పిల్లవానికి బొరియ ఎక్కడున్నదో మీకన్న బాగా తెలుసు. కట్ట వెనుక బట్టలుతికే ఆడవారికి ఏ చోట నేల ఎప్పుడూ తడిగా ఉంటుందో తెలుసు. వారిని అడగండి. తప్పు చేసినవారిని విడిచిపెట్టమని కాదు. ఒకరికి శిక్ష వేసినంతమాత్రాన కట్ట గట్టిపడదని మాత్రం గుర్తుంచుకోవాలి.

చట్టం సంగతి కూడ తెలుసుకోవాలి. మన దేశంలో 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. 15 మీటర్లకు మించిన ఎత్తుగల ఆనకట్టలకు, 10 నుండి 15 మీటర్ల ఎత్తులో కొన్ని లక్షణాలు గలవాటికి అది వర్తిస్తుంది. వానలకు ముందు, వానల తరువాత తనిఖీ చేయాలని అందులో ఉన్నది. మంచిదే. కాని మన ఊరి చెరువుకట్టలలో చాలా భాగం అంత ఎత్తు ఉండవు. అంటే వాటిని ఆ చట్టం చూడదు. మూసీకి పైన తెగిన ఆ 221 పెద్ద ఆనకట్టలు కావు, చెరువులే. చట్టం చూడని కట్టను ఊరు చూడకపోతే ఇక చూచేది నీరే.

భద్రాచలంలో గోదావరికి ఒక మంచి ఏర్పాటు కలదు. నది 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఏ అంకెకు ఏ పని చేయాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అర్ధరాత్రి కూర్చొని తర్జనభర్జనలు పడనక్కరలేదు. 2022లో వేలాదిమందిని వేళకు తరలించగలగడానికి ఇది తోడ్పడింది. మన చెరువుకు కూడ ఇట్లాంటిది పెట్టుకోవచ్చును. తూము రాతికి సున్నంతో మూడు గీతలు గీయండి. నీరు మొదటి గీతకు వస్తే అలుగు దగ్గర కంప తీయడం, రెండవ గీతకు వస్తే రాత్రి కాపలా, మూడవ గీతకు వస్తే దిగువవారు గట్టుకు చేరడం. గీతకు అయ్యే ఖర్చు గుప్పెడు సున్నం.

రోహిణి కార్తెలో చెరువు అడుగంటి ఉంటుంది, కట్ట బయటపడి ఉంటుంది. మృగశిర రాకముందే పదిమంది కలిసి ఒక పూట కట్ట పొడవునా నడవండి. ఇద్దరు మీద, నలుగురు లోపలివైపు, నలుగురు వెనుకవైపు. చూచినది రాయండి. ఊరివారు చేయగలిగినది ఊరివారు చేయండి, ఇంజనీరు చేయవలసినది రాతపూర్వకంగా అడగండి, రశీదు తీసుకోండి. స్వాతి కార్తె దాటిన తరువాత ఇంకొకసారి నడవండి. వాన కట్టకు ఏమి చేసిందో అప్పుడే తెలుస్తుంది. ఆ పుస్తకాన్ని పారవేయకండి. ఇరవై ఏండ్ల తరువాత మీ పిల్లలు దానిని తిప్పి, ఏ చోట ఎప్పుడు ఊట వచ్చిందో చూచుకోగలగాలి. పెద్దవాగు 1989 జ్ఞాపకం 2024కు అందలేదు. మీ చెరువు జ్ఞాపకం మీ పిల్లలకు అందాలి.

పై ఊరి చెరువు తెగితే మీ చెరువు మీద పడుతుంది, మీది తెగితే కింది ఊరి మీద పడుతుంది. కనుక మీ పుస్తకంలో చివరి పేజీ పై ఊరివారి ఫోను నంబరుకు, కింది ఊరివారి ఫోను నంబరుకు కేటాయించండి. గొలుసు నీటితోనే కాదు, మాటతో కూడ కలిసి ఉండాలి.